కుర్రకారును ఊపేసిన ఎర్రకారు

హీరోకి పేరు లేదు. హీరోయిన్ అసలే లేదు. పాటలు, ఫైట్లు, కామెడీ ట్రాకు... ఏవీ లేవు. అయినా 1990లలో మా తెనాలి కుర్రాళ్లు మార్నింగ్ షో ఎగ్గొట్టి మరీ దీని ముందు కూర్చునేవారంటే నమ్ముతారా? నమ్మి తీరాలి! ఆ ‘చిత్రం’ పేరు ‘రోడ్ ఫైటర్’. వెండితెర మీద కాదు సుమా, టీవీ తెర మీద ఆడే కారు పందెం.

జపాన్‌లోని కోనామి సంస్థ 1984లో దీన్ని తయారు చేసింది. మొదట డబ్బులు వేసి ఆడే పెద్ద యంత్రాల మీద వచ్చింది. 1985లో నింటెండో వారి ‘ఫామికామ్’ అనే ఇంటి యంత్రానికి క్యాసెట్‌గా వచ్చింది. మన ఊళ్ల దాకా వచ్చినవి దాదాపు అన్నీ ఆ ఫామికామ్‌కు నకళ్లే. మేం మాత్రం ‘టీవీ గేమ్’ అనేవాళ్లం. అద్దెకు ఆడించే కొట్లో అరగంటకు ఇంత అని డబ్బులిచ్చి, బెంచీ మీద ఒకరి భుజం మీద ఒకరు పడి చూసేవాళ్లం. ఆడేది ఒక్కడు, సలహాలిచ్చేది పదిమంది!

ఇక కథలోకి వద్దాం. పైనుంచి చూస్తున్నట్టుగా రోడ్డు కిందికి జారిపోతూ ఉంటుంది. మన కారు ఎర్రది. ఒక బటన్ నొక్కితే ఓ మాదిరి వేగం, రెండోది నొక్కితే గంటకు 400 కిలోమీటర్లు! తెనాలి నుంచి రేపల్లెకు రైలుదారి సుమారు 34 కిలోమీటర్లు. ప్యాసింజరు బండి ప్రతి స్టేషన్లోనూ ఆగి ఆగి వెళ్లే ఆ దూరం ఎర్రకారుకి అయిదు నిమిషాల పని. సొంత సైకిలు కూడా లేని కుర్రాడికి ఆ అంకె తెర మీద కనబడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. బుర్రిపాలెం మాకు కూతవేటు దూరం కదా, అందుకని మా బెంచీ మీద దాన్ని ‘కృష్ణ కారు’ అనేవాళ్లు. ‘గూఢచారి 116’ నాటి నుంచి సాహసమంటే మావాడిదేనని మా ధీమా!

ఈ ఆటలో అసలు గొప్పతనం ఒకటుంది. మిగతా ఆటల్లోలాగా ఇక్కడ మూడు ప్రాణాలు, నాలుగు ప్రాణాలు ఉండవు. పెట్రోలే ప్రాణం. కారు ఎన్నిసార్లు పేలినా మళ్లీ వస్తుంది, కానీ పేలినప్పుడల్లా పెట్రోలు తరుగుతుంది. పెట్రోలు అడుగంటుతుంటే గుండె దడదడలాడుతుంది. అప్పుడే రంగురంగుల కారు ఒకటి ఎదురవుతుంది. దాన్ని తగిలితే పెట్రోలు పెరుగుతుంది. తక్కినవన్నీ విలన్లే. కొన్ని తిన్నగా పోతాయి, కొన్ని సరిగ్గా మనం దాటేవేళకి అడ్డం తిరుగుతాయి. రోడ్డు మీద నూనె మరకలుంటాయి, వాటి మీదికెక్కితే బండి గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడులో ఠక్కున బాణం బటన్ నొక్కి కారును నిలబెట్టినవాడే మొనగాడు. చాలాసేపు పేలకుండా పోతే సూపర్‌మ్యాన్ లాంటి వాడొకడు పక్కనుంచి ఎగిరిపోతాడు. ఊరికే కాదు, పాయింట్లు ఇచ్చి పోతాడు. వాడు కనబడితే బెంచీ మీద ఈలలే ఈలలు!

మరి లోపాలు లేవా? బోలెడు.

మొదటిది, దీన్ని కారు పందెం అంటాం గానీ ఇందులో పందెమే లేదు. మనతో పోటీకొచ్చేవాడు లేడు, ఫస్టు సెకండు లేవు. ఉన్నదల్లా మన పెట్రోలు, అడ్డొచ్చే బండ్లు. ఇద్దరు కలిసి ఆడే వీలూ లేదు. సంగీతం సంగతి చెప్పనే అక్కర్లేదు, మొదట్లో చిన్న బిట్ వాయించి ఆ తర్వాత ఇంజను రొదతోనే సరిపెట్టారు. దశలు నాలుగే. పక్కనున్న దృశ్యం మారుతుంది తప్ప చేసే పని మారదు. రేపల్లె వెళితే పట్టాలు ఆగిపోతాయి, ఊరొచ్చిందని దిగుతాం. ఈ ఆటలో నాలుగు దశలు దాటినా చేరే ఊరంటూ లేదు, మళ్లీ మొదటికే!

రెండో లోపం క్యాసెట్టుది. అట్ట మీద ‘9999999 ఇన్ 1’ అని ఉంటుంది. తీరా చూస్తే అవే నాలుగైదు ఆటలు, వేరే వేరే పేర్లతో. బాపట్లలో మా పిన్ని కొడుకు సెలవుల్లో ఆ తొంభై తొమ్మిది లక్షలూ వరసగా చూసేస్తానని కూర్చున్నాడు. రెండో రోజుకే విసుగెత్తి లేచాడు, పాపం! అంతకంటే పెద్ద అన్యాయం మరొకటి ఉంది. అలాంటి నకళ్లు చాలావాటిల్లో తయారుచేసిన కంపెనీ పేరునే చెరిపేసేవారు. టైటిల్స్ కత్తిరించి సినిమా వేస్తే ఊరుకుంటామా? దర్శకుడెవరో, కెమెరా ఎవరో తెలియకుండా చప్పట్లు కొట్టినట్టే ఇదీ. 1984లో వచ్చిన నింటెండో వారి ‘ఎఫ్-1 రేస్’కి ప్రోగ్రాము రాసిన సతోరు ఇవాటా 2002లో ఆ కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. ఆ ఆట ఆడి పొంగిపోయిన మాలో ఒక్కడికీ అప్పుడాయన పేరు తెలియదు.

మూడో లోపం చెప్పింది నేను కాదు, రేపల్లెలో లారీ తోలిన మా దూరపు బాబాయి. ఓసారి మా ఆట చూసి, “ఒరే, దీనికి బ్రేకేదిరా?” అన్నాడు. బటన్ వదిలితే వేగం తగ్గుతుందన్నాను. “అది తగ్గడం, బ్రేకెయ్యడం కాదు. పైగా లారీవాణ్ణి తగిలితే నువ్వు పేలిపోతావు, వాడు మాత్రం చూడకుండా పోతాడా? మమ్మల్ని మరీ విలన్లను చేశార్రా! నేనైతే బండి ఆపి నిన్ను ఆస్పత్రికి మోసుకుపోతాను” అన్నాడు. బెంచీ మీద అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

తర్వాత ఆటలు చాలా ముందుకెళ్లాయి. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ‘గ్రాన్ టురిస్మో’లో నూట నలభైకి పైగా కార్లు! పెద్ద పందేలకు దిగాలంటే ముందు లైసెన్సు పరీక్షలు నెగ్గాలి. వాటిలో గీత దాటకుండా బండి ఆపే పరీక్ష కూడా ఉంది. బాబాయి అడిగిన బ్రేకు అక్కడ దొరికిందన్నమాట. ఆ ఆట ఆడుతూ పెరిగి నిజం రేసర్ అయిన కుర్రాడి కథతో 2023లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. కానీ చిత్రం చూడండి, ఆ మొదటి ‘గ్రాన్ టురిస్మో’లో గోడను గుద్దినా కారుకు గీత కూడా పడదు! పాత ఎర్రకారు కనీసం పేలి బుద్ధి చెప్పేది.

ఇప్పుడు బాపట్ల, రేపల్లె మీదుగా 216 జాతీయ రహదారి పోతోంది. సాయంత్రం వేళ దాని మీద బైకులెక్కిన కుర్రాళ్లను చూస్తుంటే నాకు రెండో బటన్ గుర్తొస్తుంది. నొక్కాలనిపించే బటనే అది, కాదనను. ఆ సరదా తెర మీద ఎంతసేపైనా తీర్చుకోండి, పాత ఎర్రకారు దొరికితే తప్పక ఆడండి. రోడ్డెక్కితే మాత్రం లారీ బాబాయి అడిగిందే మీరూ అడగండి... “బ్రేకేదిరా?” అని!