కొర్రలు తింటే మాత్రలు మానేయవచ్చా?

శంషాబాద్: విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ మండలంలో భూముల ధరలు పెరిగిన సంగతి అందరూ చెప్పుకున్నారు. తిండి మారిన సంగతిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. సుమారు 5,500 ఎకరాల్లో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. జొన్న, కూరగాయలు, ద్రాక్ష పండించిన కుటుంబాల్లోని యువకులు ఇప్పుడు సామాను మోస్తున్నారు, క్యాబులు నడుపుతున్నారు, కాపలా కాస్తున్నారు. మూడు షిఫ్టుల కొలువులో అర్ధరాత్రి భోజనం, తెల్లవారుజామున నిద్ర మామూలయ్యాయి. పొలం పనిలో కరిగిన అన్నం కుర్చీలో కూర్చుంటే కరగదు. నలభై నిండకముందే షుగరు, రక్తపోటు పలకరిస్తున్నాయి.

జబ్బు వెనుకనే చిట్కాలు వచ్చాయి. అన్నం విషమని ఒకరు, కొర్రలు తింటే ఆరు నెలల్లో మాత్రలు అవతల పారేయవచ్చని మరొకరు, కొబ్బరినూనె తాగితే చాలని ఇంకొకరు చెబుతున్న వీడియోలు చేతిలోని ఫోన్ల ద్వారా ఇంటింటికీ చేరుతున్నాయి. వీటిలో కొంత నిజముంది. ఆ కొంత నిజమే ప్రమాదకరంగా పరిణమిస్తోంది.

చిరుధాన్యాల్లో ఉన్నదెంత?

చిరుధాన్యాలు మంచివన్న మాటలో సందేహం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో 11 గ్రాములు ఉంటుంది. రాగుల్లోని కాల్షియం 364 మిల్లీగ్రాములు. పీచు ఎక్కువైతే చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, ఆకలి త్వరగా వేయదు.

అయితే అదే పట్టికలో మరో అంకె కూడా ఉంది. బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములైతే జొన్నల్లో 68, రాగుల్లో 67 గ్రాములు. తేడా ఉన్నా, అది ఆకాశానికీ భూమికీ ఉన్నంత కాదు. గింజను మెత్తగా పిండి పట్టించి పల్చటి జావ కాచినా, బెల్లం కలిపి లడ్డూలు చుట్టినా పీచు వల్ల కలిగే మేలు చాలావరకు తగ్గిపోతుంది. మూడు పూటలా కొర్రన్నమే అయినా పళ్లెం నిండా పెట్టుకుంటే షుగరు పెరగక మానదు. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలను 'సిరిధాన్యాలు'గా ప్రచారం చేసిన మైసూరు వాసి ఖాదర్ వలీకి 2023లో పద్మశ్రీ లభించింది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదినే చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఈ గౌరవాలు ధాన్యానికి తగినవే. వాటిని చూపి ఏ రోగికీ మందు మాన్పించడం తగదు.

'మా తాతలు గటక తిని నూరేళ్లు బతికారు' అనే మాట ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. తాతల కాలపు జ్ఞాపకంలో లేని ఒక జబ్బు గురించి ఈ సందర్భంలో చెప్పుకోవాలి. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థకు చెందిన డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా దక్కన్ పీఠభూమిలోని పేదల్లో కనిపించిన పెలాగ్రా వ్యాధిని పరిశీలించి 1960లో 'లాన్సెట్' పత్రికలో వ్యాసం ప్రచురించారు. మెడపైనా చేతులపైనా చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతిభ్రమణం ఆ వ్యాధి లక్షణాలు. నియాసిన్ అనే బి విటమిన్ కొరవడితే అది వస్తుంది. దానికి గురైనవారిలో ఎక్కువమంది జొన్న తప్ప మరొకటి ఎరుగని వారే. జొన్నలో అధికంగా ఉన్న లూసిన్ అనే ఆమ్లమే కారణమని గోపాలన్ బృందం భావించింది. ఆ వాదనపై తర్వాత చాలా చర్చ జరిగింది. జొన్నపైనే ఆధారపడటం తగ్గి, పప్పు, పాలు, ఇతర ధాన్యాలు పళ్లెంలోకి వచ్చాక ఆ వ్యాధి అరుదైపోయింది. కీడు చేసినది జొన్న కాదు, జొన్న ఒక్కటే తినవలసి రావడం. ఇప్పుడు కొర్రల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

బియ్యానికి కూడా అంత చెడ్డపేరు అక్కరలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకతో ఈ ప్రాంతపు పేదలకు పండుగనాటి అన్నం రోజూ దొరికింది. 2025 ఉగాది నాడు ప్రారంభమైన పథకం కింద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం అందుతోంది. చిక్కంతా కొలతలోనే. జాతీయ పోషకాహార సంస్థ సూచించే రోజువారీ పళ్లెంలో 2,000 కేలరీలకు గాను అన్ని ధాన్యాలూ కలిపి 250 గ్రాములే ఉండాలి. కూరగాయలు, ఆకుకూరలు కలిసి 400 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు, వీటికి తోడు పాలు, పండ్లు, గింజలు ఉండాలి. మన ఇళ్లలో ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అన్నం గుట్టగా, కూర నంజుకోవడానికి అన్నట్లుగా ఉంటుంది. తోటకూర కట్ట కంటే చిప్స్ పొట్లం సులువుగా దొరికే బస్తీల్లో ఈ లెక్క పాటించడం కష్టమే.

మాత్ర మానేస్తే..

2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార విధానం తెలుగునాట ఊరూరా వ్యాపించింది. పిండిపదార్థాలు దాదాపు మానేసి కొబ్బరినూనె వంటి కొవ్వులు, నిమ్మకాయలు, నీరు తీసుకోవడం దాని సారాంశం. పిండిపదార్థం తగ్గితే కొద్ది వారాల్లో బరువు, రక్తంలో చక్కెర తగ్గడం సహజం. అలా తగ్గినవారు అబద్ధం చెప్పలేదు. అయితే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా అన్నం మానేస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, చూపు మసకబారడం, చివరకు స్పృహ తప్పడం వరుసగా జరుగుతాయి. ఔటర్ రింగు రోడ్డుపై రాత్రిపూట క్యాబు నడిపే వ్యక్తికి ఇది జరిగితే ఆపద అతనొక్కడితో ఆగదు. ఇందుకు భిన్నంగా, మాత్ర మానేసి మామూలుగా తినేవారిలో చక్కెర చడీచప్పుడు లేకుండా పెరుగుతూ కళ్లను, మూత్రపిండాలను, పాదాల నరాలను దెబ్బతీస్తుంది. ఇప్పటికే మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అతిగా మాంసకృత్తులు తినడం కీడే చేస్తుంది. ఆహారం మార్చి, బరువు తగ్గి, మాత్రల మోతాదు తగ్గించుకున్నవారు లేకపోలేదు. ఆ తగ్గింపు పరీక్షలు చూసి వైద్యుడు చేయవలసినదే.

గర్భిణుల విషయంలో అపోహలు మరీ పాతవి. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, బాలింతకు పెరుగు, ఆకుకూర పెడితే పసిబిడ్డకు జలుబు చేస్తుందని కోడళ్లను కట్టడి చేసే అత్తలు నేటికీ ఉన్నారు. పచ్చి బొప్పాయి మానడం వరకు సరే. బాగా పండిన బొప్పాయికి భయపడనక్కరలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇటువంటి చోట పథ్యం పేరుతో కడుపు మాడ్చడం తల్లికీ బిడ్డకూ ముప్పే. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో గర్భిణికి ఒక పూట భోజనం, పాలు, గుడ్డు అందేలా ఏర్పాటు చేశారు. ఉచితంగా వచ్చేది గనుక కాబోలు, ఆ గుడ్డుకు ఇంట్లో గౌరవం తక్కువ. తరచుగా అది ఇంట్లోని మగపిల్లవాడికి చేరుతుంది. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. భోజనంలో నిమ్మరసం పిండుకుంటే బాగా పడుతుంది.

రాత్రి షిఫ్టువారికి పళ్లెం ఒక్కటే సరిదిద్దితే చాలదు. రాత్రివేళ శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. అందుకే పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే చక్కెర ఎక్కువ పెరుగుతుంది. విధికి వెళ్లేముందు ఇంట్లో కడుపునిండా తిని, నడిరాత్రి పుట్నాలో, ఉడికించిన గుడ్డో, మజ్జిగో తీసుకోవడం మేలు. ఉదయం ఇంటికి చేరాక గదిని చీకటి చేసుకుని ఏడు గంటలు నిద్రపోవాలి. టీలో చక్కెర సగానికి తగ్గించడం, ఉప్పును రోజుకు 5 గ్రాములు మించనీయకపోవడం, వేగంగా అరగంట నడవడం ఖర్చులేని పనులు. ఒళ్లు శుభ్రపరుస్తాయంటూ అమ్మే రసాలకు డబ్బు పోయనక్కరలేదు. ఆ పనిని కాలేయం, మూత్రపిండాలు జీతం లేకుండా చేస్తున్నాయి.

షుగరు, రక్తపోటు మొదట్లో ఏ నొప్పీ కలిగించవు గనుక పరీక్ష లేనిదే తెలియవు. 30 ఏళ్లు దాటినవారందరికీ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. మాత్రలు వాడుతూ ఆహారం మార్చదలచినవారు వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్తే మోతాదు నిర్ణయించడం వైద్యునికి సులభమవుతుంది.