మర సందులో మిల్లీమీటరు

అమెరికాలో ఇంట్లో బీరు కాచేవాళ్ల భాషలో ఒక బ్యాచ్ అంటే 5 గ్యాలన్లు, మన లెక్కలో 19 లీటర్లకు కాస్త తక్కువ. 12 ఔన్సుల సీసాలు 53 నిండుతాయి. దానికి పట్టే సరుకు 10 పౌండ్ల మాల్ట్ (మొలకెత్తించి, ఆరబెట్టి, సెగ తగిలించిన బార్లీ, సుమారు నాలుగున్నర కిలోలు), ఒకట్రెండు ఔన్సుల హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు), 11 గ్రాముల ఈస్ట్ పొట్లం, నీళ్లు. మాల్ట్‌ను రవ్వ చేసి 65–68 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెడితే అందులోని పిండి చక్కెరవుతుంది. ఆ తీపి నీళ్లు వడగట్టి, హాప్స్ వేసి, ఇంకో గంట మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. మిగతా పని ఈస్ట్‌ది, దానికి రెండు వారాలు పడుతుంది.

ఇదంతా అమెరికా సంగతి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. సెలవులకు ఊరొచ్చి బావమరిదికి చేసి చూపిద్దామనుకునే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అమెరికాలోనూ ఇది ఎప్పటినుంచో ఉన్న హక్కేమీ కాదు. 1933లో మద్యనిషేధం ఎత్తేశాక ఇంటి వైన్‌కు దారి దొరికింది గానీ ఇంటి బీరుకు దొరకలేదు. జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకం పెట్టిన చట్టంతో, 1979 ఫిబ్రవరి 1 నుంచి పన్ను కట్టకుండా కాచుకోవచ్చన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు ఆపైన ఉంటే 200. అంటే 40 బ్యాచ్‌లు, తొమ్మిది రోజులకొకటి. ఉద్యోగం చేసుకునేవాడెవడూ ఆ గీత దాటలేడు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు.

సరుకుల కొట్లు మాత్రం చట్టం కోసం ఆగలేదు. సియెర్రా నెవాడా బీరు కంపెనీ పెట్టిన కెన్ గ్రాస్‌మన్, అంతకుముందు 1976లోనే కాలిఫోర్నియాలోని చీకోలో ఇంటి బీరు సరుకుల కొట్టు తెరిచాడు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 1974లో పుట్టిన మాల్టోస్ ఫాల్కన్స్ సంఘం కూడా ఒక కొట్టును అంటిపెట్టుకుని పెరిగిందే. నేర్చుకోవాలంటే అప్పట్లో బడి, పంతులు, పుస్తకాల షాపు అన్నీ ఆ కొట్టే. ఇప్పుడు ఫోన్లో అడిగితే పది నిమిషాల్లో పాతిక జవాబులొస్తాయి. మరి కొట్టుకు ఎందుకు వెళ్లాలి?

లెక్కల్లో ఆన్‌లైన్ జనాన్ని కొట్టేవాళ్లు లేరు. ఈస్ట్ సంగతే చూడండి. ఏల్ రకం బీరుకు వాళ్లు చెప్పే కొలత, ఒక్కో మిల్లీలీటరుకు, ఒక్కో డిగ్రీ (సుమారు ఒక శాతం) చక్కెరకు 7.5 లక్షల ఈస్ట్ కణాలు. మామూలు బీరులో చక్కెర 12.4 డిగ్రీలనుకుంటే, 19 లీటర్లకు దాదాపు 17,700 కోట్ల కణాలు కావాలి. ద్రవ ఈస్ట్ ప్యాకెట్‌లో చాలాకాలంగా వస్తున్నది 10,000 కోట్లు. అదీ తయారైన రోజున; నెలలు గడిచేకొద్దీ తగ్గుతూపోతాయి. ‘ఒక్కటి చాలు, ఏం కాదు’ అని కౌంటర్ వెనకనుంచి ఇచ్చే భరోసా ఈ గుణకారం ముందు నిలవదు. రెండు ప్యాకెట్లయినా వేయాలి, లేదా ముందురోజే లీటరున్నర మాల్ట్ నీళ్లలో తోడు పెంచుకోవాలి. పెరుగుకు తోడంటే తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

సీసాల్లో నురగ కోసం వేసే చక్కెరా అంతే. పాత వంటకాల్లో ముప్పావు కప్పు అని ఉండేది. ఎవరి కప్పు, ఎంత అదిమిన కప్పు? ఇప్పుడు 4–5 ఔన్సులు, అంటే 113–142 గ్రాములు, తూకం వేసి మరీ వేయమంటారు. ఎక్కువైతే సీసా పగులుతుంది. ఆ మాటను వంద ఫొటోలతో చెప్పే ఓపిక ఆన్‌లైన్‌లోనే ఉంది.

నా లెక్క తప్పింది రవ్వ దగ్గర. 10 పౌండ్ల మాల్ట్‌లోని చక్కెరలో 70 శాతం దిగితే 5 గ్యాలన్లకు, తీపి నీళ్ల సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ 1.052 చూపాలి. నాకు వరసగా మూడుసార్లు 1.044 దగ్గరే ఆగింది. అంటే 60 శాతమే దిగుతోంది, 5.25 శాతం ఆల్కహాల్ రావాల్సిన బీరు నాలుగున్నరకు పడిపోయింది. ఆన్‌లైన్‌లో అడిగాను. నీళ్ల పీహెచ్ చూడమన్నారు, థర్మామీటర్ మార్చమన్నారు, బాగా కలపమన్నారు, నెమ్మదిగా వడగట్టమన్నారు, మర అనుమానించమన్నారు. ఏదీ తప్పు మాట కాదు. అన్నింటికీ ఒకే బరువు ఉండటమే నా ఇబ్బంది.

మిగిలిన రవ్వ ఒక కవర్లో పోసుకుని, మాల్ట్ ఆడించిన కొట్టుకే వెళ్లాను. కొట్టాయన గుప్పెడు తీసి అరచేతిలో పరిచాడు. చూపుడువేలి గోటితో పగలని గింజల్ని ఒక్కొక్కటే పక్కకు లాగాడు. ముప్పయి గింజలకు ఏడు తేలాయి. అడిగితే అసలు సంగతి చెప్పాడు. మరలో రెండు రోలర్ల మధ్య సందు మామూలుగా ఒక మిల్లీమీటరు ఉండాలి. ఆయన కావాలనే వదులుగా పెట్టాడు. సందు బిగిస్తే పొట్టు కూడా నలిగి, పిండి ఎక్కువై, వడపోతకు జిగురులా అడ్డుపడుతుంది. అప్పుడు కొత్తవాళ్లు గిన్నె పట్టుకుని ఆయన మీదికొస్తారు. పల్చటి బీరు తాగినవాడు ఎవడూ రాడు.

‘రెండోసారి ఆడించు,’ అన్నాడు. పొట్టు పొట్టులాగే ఉండి లోపలిది ఉప్మా రవ్వలా విరగాలి, గోధుమపిండి కాకూడదు. ఆ తేడా వేళ్లకు తెలిశాక మరి మర్చిపోలేదు. తర్వాతి బ్యాచ్ 1.051.

తప్పు ఆయన మరదే, పట్టుకున్నదీ ఆయన చెయ్యే. అందుకు ఆయనకు మిగిలిందెంత? ఒక బ్యాచ్ సరుకు 35 డాలర్లు, మూడోవంతు లాభం అనుకుందాం (ఇది నా ఊహ లెక్క). 12 డాలర్లు కూడా మిగలదు. అద్దె, ఒక జీతం కలిపి నెలకు 6,000 డాలర్లయితే, కొట్టు నిలబడటానికే నెలకు 500 మందికి పైగా నాలాంటివాళ్లు రావాలి. నేను అక్కడ నిలబడింది అరగంట, కొన్నది ఒక హాప్స్ ప్యాకెట్.

సొంత మర మాత్రం ఆ నెలలోనే ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. సందు సరిచూసుకునే రేకు దాంతోపాటే వచ్చింది.