కాలేయవ్యాధి - ఊదారంగు మచ్చలు

కాలేయవ్యాధి గలవారికి దెబ్బ తగులకయే చర్మముపై ఊదారంగు మచ్చలు కనుపించినచో, చర్మరోగమని యెంచి లేపనములు పూయుట నిరర్థకము. గాజుగ్లాసుతో అదిమినను రంగు తగ్గనిచో, అది చర్మము క్రింద స్రవించిన రక్తము.

రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములలో పెక్కింటిని కాలేయమే తయారుచేయును. అది చెడినపుడు వాటికి కొరత యేర్పడును. అంతేకాక, గట్టిపడిన కాలేయము గుండా రక్తము సాఫీగా పారజాలక ప్లీహము పెరిగి, ప్లేట్‌లెట్లను తనలో నిలుపుకొనును. సాధారణముగా ఘనమిల్లీమీటరు రక్తమునకు 1,50,000కు తగ్గకుండవలసిన యీ కణములు కొందరిలో 50,000కు దిగువకు పడిపోవును. హెపటైటిస్-సి సోకినవారిలో కారణము వేరు కావచ్చును: సన్నని రక్తనాళములే వాచి, కాళ్ళపై చేతికి తగులునట్టి ఉబ్బెత్తు మచ్చలు లేచును. కనుక రక్తపరీక్ష లేక, కంటితో చూచి కారణమును నిర్ణయించుట వైద్యునికిని కష్టమే.

పుదుచ్చేరిలో, 1823 నాటి ఫ్రెంచి వైద్యపాఠశాల నుండి రూపొందిన జిప్మర్ ఆస్పత్రియందు, జీర్ణకోశవ్యాధుల విభాగమున కాలేయరోగులను పరీక్షింతురు. యానామువంటి దూరప్రాంతములనుండి పోవువారు తాము వాడు మందులన్నింటిని, నాటుమందులతో సహా, వెంట గొనిపోవలెను. కీళ్ళనొప్పికని అంగడిలో కొన్న మాత్రయే యొక్కొక్కప్పుడు రక్తస్రావమును హెచ్చించును, ఆస్పిరిన్ అట్టిదే. రక్తపు వాంతి, తారువలె నల్లని విరేచనము, మతిభ్రమ, లేక జ్వరముతో మచ్చలు త్వరత్వరగా వ్యాపించుట కనుపించినచో, మరునాటి ఓ.పి. వరకు ఆగక ఆ రాత్రియే సమీపమున నున్న ఆస్పత్రికి చేర్పవలెను.