కీబోర్డు ఒకటి, యంత్రములు రెండు

బాసర చిన్నారుల అక్షరాభ్యాసమునకు ప్రసిద్ధి. అచట 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణము వెలసినది. మరి కంప్యూటరునకు అక్షరము లెట్లు అందుచున్నవి?

కీబోర్డుపై ‘కె’ మీటను నొక్కినచో అక్షరము పోదు; 14 అను సంఖ్య మాత్రమే యు.ఎస్.బి. తీగ గుండా పోవును. ఇన్‌స్క్రిప్ట్ అమరిక దానిని ‘క’గా మార్చును.

ఒక కంప్యూటరులో ప్రోగ్రాముచే కల్పింపబడిన మరియొక కంప్యూటరును వర్చువల్ మెషీన్ అందురు. అసలు యంత్రము ఆతిథేయి, ఇది అతిథి. ‘పాస్‌త్రూ’ పద్ధతిలో ఆతిథేయి తన కీబోర్డు ప్రోగ్రామును తప్పించి, పరికరమును అతిథికే అప్పగించును. అప్పుడు 14 నేరుగా అతిథిని చేరును. కావున తెలుగు అమరిక అతిథిలోనే ఉండవలెను.

పరికరమును గుర్తించుటకు తయారీదారు సంఖ్య, వస్తు సంఖ్య అను రెండు గుర్తులు కలవు. ఒకే రకపు కీబోర్డులు రెండున్నచో ఈ గుర్తులు చాలవు. అవి తగిలించిన రంధ్రమును బట్టి వేరుపరుపవలెను.

ఇందొక చిక్కు కలదు. ఉన్న ఒక్క కీబోర్డును అతిథి కిచ్చినచో, ఆతిథేయికి మీటల ఆజ్ఞలు అందవు. కరీంనగరమున గాని, ఆదిలాబాదున గాని పాఠశాలలో ఈ ప్రయోగము చేయువారు రెండవ కీబోర్డును ముందే తగిలించుకొనుట మేలు.