బాధలో దేవుడెక్కడ?
డిచ్‌పల్లి ఆసుపత్రి చెప్పే జవాబు

పంట ఎండినా, కన్నబిడ్డ పోయినా, ఒంటికి తీరని జబ్బు చేసినా ‘దేవుడు ఉన్నాడా?’ అని అడగని మనిషి ఉండడు. గుడ్ ఫ్రైడే నాడు కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చర్చీల్లో సిలువపై ఏసు పలికిన ఏడు మాటలను బోధకులు వివరిస్తారు. అందులో నాలుగో మాట ఇలాంటి ప్రశ్నే. నన్నెందుకు విడిచిపెట్టావని ఏసే దేవుణ్ణి అడుగుతాడు. దేవుడు పైనుంచి చూస్తూ కూర్చునేవాడు కాదని, మనిషి బాధలోకి దిగివచ్చి తానూ బాధపడ్డాడని క్రైస్తవుల నమ్మకం.

పాప ఫలమా?

పెద్దరోగం వస్తే ‘చేసుకున్న పాపం’ అనడం పల్లెల్లో పాత మాట. పుట్టుగుడ్డిని చూపి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అని ఏసు చెప్పినట్లు యోహాను సువార్తలో ఉంది. కుష్ఠురోగిని ఆయన చేత్తో ముట్టి బాగుచేసినట్లు మార్కు సువార్త తెలుపుతోంది. బాధ ఎందుకు వచ్చిందనే ప్రశ్నకు ఈ కథలు పూర్తి జవాబు ఇవ్వవు. బాధపడేవారి పక్కన నిలబడమని మాత్రం చెబుతాయి.

ఆ పని చేసి చూపిన చోటు దూరంలో లేదు. ఆదిలాబాద్ నుంచి నిర్మల్ మీదుగా హైదరాబాద్ వెళ్ళే రోడ్డుపై, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఉంది. స్కాట్లాండ్ నుంచి 1907లో వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పారు. హిందువైన రాజా నర్సాగౌడ్ అందుకు ధనసహాయం చేయడం విశేషం. ఆ రోజుల్లో గింజల నూనెతో చేసే సూదిమందే ఆధారం. ఊరు వెలివేసిన వారి పుండ్లు కడిగి కట్టు కట్టడమే పెద్ద వైద్యం. ప్రార్థన చేసిన చేతులే సూదీ వేశాయి. 1932లో చనిపోయేవరకు ఆమె ఈ సేవలోనే ఉన్నారు.

మచ్చ దాచవద్దు

నేడు కుష్ఠుకు నయంచేసే మందు ఉంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. రోగాన్ని బట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడాలి. అయినా వెలి భయంతో మచ్చను దాచేవారు ఉన్నారు. ఆలస్యమైతే వేళ్ళు వంకర పోతాయి, చూపు దెబ్బతింటుంది. గిల్లినా తెలియని మచ్చ కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. వెంట వెళ్ళడానికి ఇంట్లోవారో, ఇరుగుపొరుగువారో ఒక్కరు ముందుకు వస్తే చాలు. దేవుడెక్కడ అని అడిగే రోగికి ఆ తోడే మొదటి జవాబు.