ఒక మీటరు – ఐదు సంసారములు



దారిద్ర్యమనగా అన్నవస్త్రములకు కొఱత యని మన పెద్దలు తలచిరి. నేటి పట్టణములలో దానికి మఱియొక రూపము గలదు. ఇంటిలో కరెంటు తీగ యుండును, దీపముండును, పంకా యుండును. మీట నొక్కుటకు మాత్రము చేయి రాదు. ఈ సంగతి నాకు గ్రంథములవలన తెలియలేదు. మా పెరటిలోనే తెలిసినది.

మేము విజయవాడలో నివసించుచున్నాము. మా యింటి వెనుక సిమెంటు రేకుల గదులు నాలుగు గలవు. వానిని కూలి చేసికొని బ్రదుకు కుటుంబముల కద్దె కిచ్చితిమి. చుట్టును మేడలు లేచినవి గనుక లోనికి గాలి చొరదు. పగలెల్ల రేకులు కాగును. రాత్రి యైన పిదప గోడలు తాము పీల్చిన వేడిమిని మెల్లగా విడుచుచుండును. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా బలియైరి. మన వేసవి యట్టిది.

గత వేసవిలో ఒక నడిరేయి దాహమై లేచి పెరటిలోనికి వచ్చితిని. ఒక గదిలో పంకా ఆగియున్నది. తల్లి గడపలో కూర్చుండి చంటిబిడ్డకు అట్టముక్కతో విసరుచున్నది.

“కరెంటు ఉన్నదిగా, పంకా వేసుకోలేదేమే?” అని యడిగితిని.

“పన్నెండు దాకా వేశానమ్మగారూ. అది తిరిగినంతసేపూ మీటర్లో అంకెలే కళ్ళముందు తిరుగుతాయి. నిద్ర పట్టదు” అన్నది.

నాకును ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావారు ఉపాధ్యాయులు. మరునాడు బిల్లు ముందిడుకొని లెక్క కట్టిరి. ఆ లెక్క మీకును చెప్పెదను.

మా స్థలమున కంతటికి కంపెనీవారి మీటరొక్కటే. గదులకు మేము పెట్టించిన చిన్న మీటర్లు వేఱు. ఆంధ్రప్రదేశములో 2022లో అమలునకు వచ్చిన ధరలు మెట్లు మెట్లుగా నున్నవి. మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు. 75 వఱకు 3 రూపాయలు. 125 వఱకు నాలుగున్నర. 225 వఱకు 6. 400 వఱకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. కొద్దిగా వాడువారికి చౌకగా దొరకవలెనని యీ యేర్పాటు.

కూలరును, రిఫ్రిజిరేటరును గల మా యింటికి 250 యూనిట్లు, గది యొక్కటికి 50 చొప్పున 200, వెరసి 450 యూనిట్లైనవి. ఇతర రుసుములు గాక 3,035 రూపాయల 75 పైసలు. సగటున యూనిటు 6 రూపాయల 75 పైసలు పడగా, ఒక్కొక్క గదివారు సుమారు 337 రూపాయలు చెల్లించిరి. వారికే ప్రత్యేకముగా మీటరున్నచో 117 రూపాయలే యయ్యెడివి! మా వంతును పెరిగిన మాట నిజమే, మేము ఓర్చుకొంటిమి. ఆమె పంకా నాపి పూడ్చుకొన్నది.

వంటచెఱకు సంగతియు నిట్టిదే. 1999లో దీపము పథకమువలనను, 2016లో ఉజ్జ్వలవలనను పేద యిండ్లకు గ్యాసు పొయ్యి వచ్చినది. 2024లో ఆరంభమైన దీపము-2 వలన ఏటికి మూడు సిలిండర్లు ఉచితమైనవి. ఇది గొప్ప మేలు. కాని తక్కినవి కొనవలసినదే. కూలి దొరకని వారములో సిలిండరు నిండుకొన్నచో పుల్లల పొయ్యి మరల రాజుకొనును. ఒంటిగదిలో వండునప్పుడు మంట ఆఱునని పంకా నాపివేయుదురు. ఆ ఉక్క అనుభవించినవారికే యెఱుక.

ఇక మనము చేయదగినవి. అద్దె గదులుగల గృహిణులు కుటుంబమునకొక మీటరు కొఱకు దరఖాస్తు పెట్టించుడు. అది వచ్చువఱకు వారి వాడుకకు తగిన మెట్టుధరనే పుచ్చుకొనుడు. 75 వాట్ల పాత పంకా రాత్రి 10 గంటల చొప్పున తిరిగిన నెలకు 22 యూనిట్లకు పైగా నగును. 30 వాట్ల క్రొత్తరకపు పంకాకు 9 చాలును. రేకులపై తెల్లసున్నము వేయించుడు. 2010లో వేసవి మరణములు చూచిన అహమ్మదాబాదువారు 2013లో వేడిమి నెదుర్కొను ప్రణాళిక నేర్పఱచుకొనిరి. పిమ్మట పేదల యిండ్ల కప్పులకు తెల్లరంగు వేయించిరి. తెలంగాణము 2023లో చల్లని కప్పులకై విధానమునే ప్రకటించినది. గాలి వేడిమి 40 డిగ్రీలు దాటినపుడు పంకా యొక్కటే రక్షింపజాలదు. పసివారికిని వృద్ధులకును తడిగుడ్డతో నొడలు తుడువవలెను.

మేము ఆ నెలనుండి గదికి మెట్టుధరయే పుచ్చుకొనుచున్నాము. మీటర్లకు దరఖాస్తులు పెట్టించితిమి. ఇప్పుడు నడిరేయి మెలకువ వచ్చినచో ఆ గదిలోని పంకా చప్పుడు వినబడుచుండును. మీ మీటరుమీద ఎన్ని సంసారము లాధారపడియున్నవో, ఈ నెల బిల్లు వచ్చినపుడు మీరును ఒక్కమారు లెక్క చూడుడు.