ఒక పొల్లు, ఒక సున్న



పదిహేనేండ్ల క్రిందట మా సంఘములో ఒక తల్లి ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఎనభై దాటిన మనిషి. జ్ఞాపకార్థ కూడికకు మూడు వందల కార్డులు వేయించమని ఆ ఇంటివారు మాకు అప్పగించారు. మేమే వ్రాశాము, మేమే ప్రూఫు చూశాము. ప్రెస్సువారు కట్ట కట్టి ఇచ్చారు. కూడికకు ముందు రోజు సాయంత్రము, ఏడవ తరగతి చదువుతున్న ఆమె మనుమరాలు ఒక కార్డు తీసి అందరి ముందు పైకి చదివింది. "ప్రభువునందు నిందించిరి" అని చదివి ఆగిపోయింది.

నిద్రించిరి అని ఉండవలసినది. 'ద' క్రింద క్రావడి పోయింది, 'ని' ప్రక్కన సున్న వచ్చి చేరింది. అంతే. ఆమె భర్త అరుగుమీద కూర్చుని ఉన్నారు. కోపపడలేదు. "అయ్యగారూ, నా ఇంటిది బతికినన్నాళ్లూ ఎవర్నీ ఒక్క మాట అనలేదండీ" అన్నారు. మేము తల ఎత్తలేకపోయాము. ఆ రాత్రే పట్నము వెళ్లి, ప్రెస్సువారిని నిద్రలేపి, మూడు వందలూ మళ్లీ వేయించాము. తప్పు వారిది కాదు. ప్రూఫుమీద సంతకము మాది. ఆ పాత కార్డు ఒకటి ఇప్పటికీ మా బల్ల సొరుగులో ఉన్నది.

మా పత్రికకు సాక్ష్యములు, ప్రసంగ సారములు, పాటలు పంపే సహోదరీ సహోదరులు చాలామంది ఉన్నారు. అందుకు దేవునికి స్తోత్రము. వారి వ్రాతలు చదివేటప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే మాటలు కొన్ని మీ ముందు ఉంచుతాము. ఎవరినీ చిన్నబుచ్చవలెనని కాదు. పొలము పని ముగించుకొని దీపము వద్ద కూర్చుని ఒక తల్లి కార్డు ముక్కమీద 'పార్దన చేయండి' అని వ్రాస్తే, ఆమె మనస్సు మాకు అర్థమవుతుంది, దేవునికి అంతకంటె ముందే అర్థమవుతుంది. అయితే అచ్చులో పడిన మాట సంగతి వేరు. అది వంద ఇండ్లకు వెళ్తుంది. మన ఇరుగు పొరుగున ఉన్న విశ్వాసులు కానివారు కూడా చదువుతారు. ఒక కరపత్రములో ప్రభువు గ్రుడ్డివానికి 'కల్లు' ఇచ్చెనని ఉంటే, చదివినవాడు నవ్వి ప్రక్కన పడేస్తాడు. కళ్లు ఇచ్చిన సంగతి అతనికి చేరదు.

ఈ ల, ళ తగాదా ఇప్పుడు ఎక్కువైంది. సెల్‌ఫోనులో ఇంగ్లీషు అక్షరములు నొక్కి తెలుగు రప్పించుకొనేవారికి రెంటికీ ఒకే అక్షరము. ఫోను ఏది చూపిస్తే అదే పంపుతున్నారు. అందువల్ల యోసేపు కలలు కాస్తా యోసేపు కళలు అవుతున్నాయి. క్రీస్తు మన కొరకు చెల్లించినది వెల. మనము కూడుకొనేది ప్రార్థన వేళ. అరణ్యప్రదేశమున ఆహారము తిన్నవారు ఐదు వేల మంది. ఈ మూడు మాటలను మూడుగానే ఉంచవలెను.

అన్నిటికంటె ఎక్కువగా కనబడేది థ, ధ తప్పు. అర్థము అంటే భావము. అర్ధము అంటే సగము. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు అనే మాటలలో ఉన్నది ఆ సగమే. 'ఈ వచనమునకు అర్ధము' అని వ్రాసిన ప్రసంగీకుడు సగము వచనమే చెప్తానన్నట్లు అయింది. జ్ఞాపకార్ధము అని రాతిపలకమీద చెక్కించితే సగము జ్ఞాపకమే మిగులుతుంది. ప్రార్థనలో ఉన్నది కూడా పొట్టలో చుక్క ఉన్న 'థ'. ఎన్నో మందిరముల గోడలమీద 'ప్రార్ధన' అని పెద్ద అక్షరములతో చూశాము. రంగు ఖరీదు తలచుకొని ఊరకున్నాము. ఈస్టరు వచ్చినప్పుడల్లా 'పునరుద్ధానము' అని వ్రాసిన కాగితములు వస్తాయి. ఉత్థానము అంటే లేచుట. మరల లేచుట పునరుత్థానము. పాడైన దానిని బాగుచేయుట పునరుద్ధరణ. పాత మందిరమునకు జరిగేది పునరుద్ధరణ, ప్రభువుకు జరిగినది పునరుత్థానము. ఈ రెండూ కలిసిపోయి ఏ నిఘంటువులోనూ లేని మాట ఒకటి పుట్టింది.

ఇక గుణింతము జారిన మాటలు. బోధకులు వచ్చారు అనబోయి బాధకులు వచ్చారు అన్న ప్రకటన చూశాము. (కొందరి విషయములో అది తప్పు కాదని ఒక పెద్దాయన అన్నారు, ఆ మాట ఇక్కడితో వదిలేద్దాము.) శుభ శుక్రవారపు కాగితములో మేకులు మేకలు అయ్యాయి. దేవుని అనుగ్రహము కోరిన ఒక పాటలో ఆగ్రహము పడింది. బహుమతులు ఇచ్చుట ప్రదానము. ముఖ్యమైనది ప్రధానము. మన ఇండ్లలో పెండ్లికి ముందు జరిగే ప్రధానము కూడా మన బైబిలులో 'ధ'తోనే ఉన్నది. సకలము అంటే అంతా, శకలము అంటే ముక్క. సకల జనులు అనవలసిన చోట శకల జనులు అనకూడదు కదా.

ఒక్క అక్షరమే కదా అనేవారు న్యాయాధిపతులు 12వ అధ్యాయము తీసి చూడవలెను. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు ఒక్కొక్కరిని ఆపి షిబ్బోలెతు అనమన్నారు. ఎఫ్రాయీమీయులకు 'ష' పలకక 'స' వచ్చింది. ఆ కాలమున పడిపోయినవారు 42,000 మంది. 1631లో లండనులో రాజుగారి ముద్రాపకులైన రాబర్టు బార్కరు, మార్టిను లూకాసు అచ్చువేసిన బైబిలులో నిర్గమకాండము 20:14లో కూడదని చెప్పే చిన్న మాట జారిపోయి, వ్యభిచారము చేయుమనే ఆజ్ఞ మిగిలింది. వారికి 300 పౌండ్ల జరిమానా పడింది, ముద్రణ హక్కు పోయింది. ఆ ప్రతులలో కొద్ది మాత్రమే నేటికి మిగిలాయి.

మత్తయి 5:18లో ప్రభువు చెప్పిన మాట గ్రీకులో అతి చిన్న అక్షరమైన అయోటాను గురించి, అక్షరపు కొనను గురించి. మన తెలుగు అనువాదకులు దానిని మన పలకమీదికి తెచ్చి పొల్లు, సున్న అని పెట్టారు. ఎంత చక్కగా కుదిరిందో! ఆ కార్డు తరువాత ఆ వచనము మేము తేలికగా చదవలేకపోతున్నాము.

మరి ఏమి చేయవలెను? వ్రాసినవాని కన్ను తన తప్పును చూడదు. మనస్సులో ఉన్న మాటనే కాగితముమీద చదువుకుంటుంది. మా కార్డు విషయములో జరిగింది అదే. వ్రాసినది ఒక రాత్రి ప్రక్కన పెట్టి, ఉదయము గట్టిగా పైకి చదవండి. తరువాత వేరొకరి చేత చదివించండి. ఆ విషయము తెలియనివారైతే మరీ మేలు, వారు అక్షరమును అక్షరముగా చూస్తారు. ముఖ్యమైన వాటికి ఇద్దరు కూర్చోవలెను. ఒకరు వ్రాతప్రతి చదువుతూ ఉంటే మరియొకరు ప్రూఫుమీద వ్రేలు పెట్టి వెంబడించవలెను. కడపలో బ్రౌను దొర కూడా పండితులను పెట్టి ప్రతికి ప్రతి పోల్చి చూపించేవారు. పెద్ద అక్షరముల శీర్షికను అందరూ వదిలేస్తారు, దానిని మొదట చూడండి. పేర్లు, తేదీలు, వచనముల అంకెలు విడిగా ఒకసారి సరిచూడండి. '1 యోహాను'లో 1 జారిపోతే పత్రిక కాస్తా సువార్త అవుతుంది. అనుమానమున్న మాటకు నిఘంటువు తీయండి. అది లేకపోతే మీ సంఘములో తెలుగు మాస్టారు ఎవరైనా ఉంటారు, అడిగితే సంతోషిస్తారు.

ఆ రోజు కార్డు చదివిన మనుమరాలు ఇప్పుడు పాఠశాలలో తెలుగు చెప్తున్నది. ఈ వ్యాసము ప్రూఫు ఆమెకే పంపాము. నాలుగు తప్పులు ఎర్ర సిరాతో చుట్టి పంపింది. అందులో ఒకటి శీర్షికలోనే ఉన్నది.